ఉలి మొద్దుబారే వేళ

నంద్యాలలో మా ఇంటి ముందుగదిలో మనవరాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. కాసేపటికొకసారి ఆమె ఫోన్ గంట కొడుతుంది, చేతిలో పని ఆపి లేస్తుంది, మళ్ళీ గంట కొట్టగానే కూర్చుంటుంది. మనిషిని గంట లేపడమేమిటని అడిగితే, ఇట్లా ఆగి ఆగి చేస్తేనే బుర్ర పదునుగా ఉంటుంది తాతా అన్నది. పదును అన్న మాట వినగానే నా మనసు ఆళ్లగడ్డకు పోయింది.

భూములు పోయి, పెద్ద ఇల్లు కూడా చేతులు మారాక, నాయన నన్ను ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే తన స్నేహితుడి దగ్గర పనికి పెట్టాడు. ఆ కూలితోనే ఇంట్లో పొయ్యి వెలగాలి. అక్కడొక పద్ధతి ఉండేది. ఉలులు మొద్దుబారగానే అందరూ వాటిని కొలిమికి ఇచ్చి, కమ్మరి మొనలు సాగగొట్టి నీళ్ళలో ముంచి తెచ్చేదాకా రాయి ముట్టకుండా వేపచెట్టు కింద నిలబడి టీ తాగేవారు. నేను మాత్రం లేచేవాణ్ణి కాదు. మా తాత ముందు ఊరంతా నిలబడేది, ఆయన మనవణ్ణి కూలివాళ్ళతో కలిసి గ్లాసు పట్టుకుని నిలబడడమా అని, వీపు నిటారుగా పెట్టి మొద్దు ఉలితోనే నందీశ్వరుడి మెడలో గంటలు చెక్కుతూ ఉండేవాణ్ణి.

ఒకరోజు నాయన స్నేహితుడు వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ఏం దొరా, నువ్వు లేస్తే మీ తాత మీసం వంగుతాదా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఉలి ఆడ సేద తీరాల్సిన పొద్దులో నువ్వు ఈడ రాయిని కొడ్తాండావ్. లేస్తే లెయ్యి, లేకుంటే రేపట్నించి రావాకు."

పౌరుషానికి వెళ్ళిపోదామనే అనిపించింది గానీ, ఇంట్లో పొయ్యి గుర్తొచ్చి లేచి నా ఉలినీ కొలిమికి ఇచ్చాను. చెట్టు కింద ఆయన గ్లాసు చేతికిచ్చి, నా భుజాలు పట్టుకుని రాయివైపు తిప్పాడు. వాళ్ళు ఊరికే నిలబడటం లేదని, ఎవరి రాయిని వాళ్ళు దూరం నుంచి చూసుకుంటున్నారని అప్పుడు తెలిసింది. దగ్గర కూర్చున్నంతసేపూ తీరుగా కనిపించిన నా గంటల వరుస ఒకవైపుకు జారిపోయి ఉంది. ఇంకా పైపై చెక్కుడే కాబట్టి దిద్దుకోవచ్చు.

"అగపడెనా?" అన్నాడాయన, అంతే. పదునైన ఉలి తిరిగి వచ్చేదాకా ఆ వరుస దిద్దాలని నా చేతులు ఊరుకోలేదు.

ఇప్పుడు అక్కడా కరెంటు మిషన్లే రాయి కోస్తున్నాయట, వాటికి అలుపు లేదు. ఆనాడు ఇనుము అలిస్తే అందరం కలిసి ఆగేవాళ్ళం. ఈనాడు ఫోన్ చెబితే మనవరాలు ఒక్కతే ఆగి, లేచి నిలబడి మళ్ళీ ఆ ఫోనే చూసుకుంటుంది. ఆమె పనిని ఎంత దూరం నుంచి చూడాలో నాకు తెలియదు. అయినా గంట కొట్టినప్పుడల్లా ఈమధ్య నేనూ లేస్తున్నాను. రెండు గ్లాసుల్లో టీ తెచ్చి గడప దగ్గర నిలబడితే, ఫోన్ బల్లమీదే వదిలేసి వస్తుంది. మా వంశంలో నిలబడి ఒకరికి టీ అందించిన మొదటివాణ్ణి నేనేనేమో.