మిరప ఘాటు, కాటుక పొగ

మా ఇంట్లో కాటుక కొనేవాళ్ళు కాదు. ఇల్లు పోయింది, పొలాలు పోయాయి, కాని కాటుక పట్టే రాగి పళ్ళెం మాత్రం మాతోపాటే ప్రత్తిపాడులోని అద్దె వాటాకు వచ్చింది. పండగలు మొదలయ్యే ముందు నాయనమ్మ రెండు ఇటుకలు నిలబెట్టి, మధ్యలో ఆముదం దీపం వెలిగించి, పైన ఆ పళ్ళెం బోర్లించేది. గుంటగలగరాకు పసరులో తడిపి ఆరబెట్టిన గుడ్డతో చేసిన ఒత్తి. మంట కనపడీ కనపడనట్టు ఉండేది. మసి మాత్రం నిదానంగా, పళ్ళెం అడుగున పూలు పూలుగా పట్టేది. నేను చెంప నేలకు ఆనించి పడుకుని ఆ నల్లపూలు పూయడం చూసేదాన్ని. ఎంతసేపు చూసేదాన్నో నాకే తెలిసేది కాదు. ఆ మసిని గీకి, ఆవునెయ్యితో రంగరించి, చిన్న వెండి భరిణెలో పెట్టేది నాయనమ్మ. భరిణె మూత తీస్తే మా పాత ఇంటి వాసన వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. నేను రోజూ బస్సులో గుంటూరు వెళ్ళి డిగ్రీ చదువుతున్నాను. అమ్మా నాన్నా లేరు. మా తాత పేరు చెబితే అరుగు మీంచి లేచి నిలబడే ముసలివాళ్ళు ఇంకా చుట్టుపక్కల ఉండేవారు. ఆ వంశంలో మిగిలింది నాయనమ్మ, నేను. ఆ మాట అప్పుడూ తల ఎత్తుకునే చెప్పేదాన్ని, ఇప్పుడూ అంతే.

మేము అద్దెకున్న డాబా ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవాళ్ళది. మేము పత్తిలో మునిగిన ఏళ్ళలోనే వాళ్ళు మిరపలో నిలదొక్కుకున్నారు. ఇంటావిడ మాత్రం మమ్మల్ని ఏనాడూ అద్దెవాళ్ళలా చూడలేదు. నాయనమ్మను పెద్దమ్మగారనీ, నన్ను అమ్మాయిగారనీ పిలిచేది. నేను ఆవిడను ఏ వరసా పెట్టి పిలవలేదు. ‘ఏమండీ’ అనేదాన్ని.

ఆవిడకు తెలియకూడనిది ఒకటి మా వాటాలో ఉండేది. తలుపులూ కిటికీలూ మూసుకుని మేము కూలికి మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళం. మధ్యాహ్నం వీధి కునుకు తీసే వేళ, కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన బస్తా ఒకటి దొడ్డిదారిన మా గదిలోకి వచ్చేది. మా తాత కల్లంలో ఊళ్ళోని ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని చేసిన పని అది. ఆయన భార్య ఆ పని చేస్తోందని ఊరికి తెలిస్తే నాయనమ్మ బతికుండగానే తలవంచుకోవాలి. అందుకే తలుపు. కాని మిరప ఘాటుకు తలుపులు ఒక లెక్కా? తుమ్ములు గోడ దాటిపోయేవి.

“ఏంటి పెద్దమ్మగారూ, ఆ జలుబు ఇంకా తగ్గలేదా?” అని అవతలినుంచి అరిచేది ఇంటావిడ.

“మా వాళ్ళకెవరికీ చల్లగాలి పడదమ్మాయ్” అనేది నాయనమ్మ, గోడ వైపు తిరిగి వీపు నిటారుగా పెట్టి.

“మిరియాల కషాయం కాచి పంపించనా?”

“వద్దు. ఘాటు వస్తువులు మాకు సరిపడవు.”

ఒడినిండా ఎర్రటి కాయలు పోసుకుని ఆ మాట అన్న నాయనమ్మను చూసి నేను చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

తుమ్ములకు జలుబు అనే సాకు ఉంది. కళ్ళకే ఏ సాకూ లేదు. సాయంత్రానికి నా కళ్ళు ఎర్రబడి, రెప్పలు ఉబ్బి ఉండేవి. ఒకరోజు బస్సులో పక్కనున్న అమ్మాయి వారపత్రిక తిప్పుతుంటే ఒక పేజీ దగ్గర నా చూపు ఆగింది. పండగ అలంకరణ గురించి రాశారు. పేరు స్మోకీ ఐస్, అంటే పొగ కళ్ళు. బొమ్మలోని పిల్ల కళ్ళ చుట్టూ పొగ కమ్మినట్టు ఉంది. నలుపు రెప్ప అంచున మొదలై, పైకి పోయేకొద్దీ బూడిద రంగై, ఎక్కడ ముగిసిందో తెలియకుండా చర్మంలో కలిసిపోయింది. ఆ పిల్ల ఏడ్చిందో, నిద్రలేచిందో, కల కంటోందో ఎవరూ చెప్పలేరు. నాకు కావలసింది అదే అనిపించింది.

అందులో రాసిన రంగులూ కుంచెలూ మాకు లేవు. భరిణె ఉంది, పౌడరు డబ్బా ఉంది, ఉంగరపు వేలుంది. కాటుకను రెప్ప వెంట్రుకల మొదట్లో దట్టంగా పెట్టి, వేలి కొసతో పైకి నిమరాలి. పైన చిటికెడు పౌడరు అద్దితే నలుపు మెత్తబడి, వాన ముందటి మబ్బు రంగుకు వస్తుంది. బయటి కొన దగ్గర మళ్ళీ కాస్త కాటుక. చేతులకు కొబ్బరినూనె రాసి, శనగపిండితో ఎంత రుద్దినా వేలు కొంచెం చురుక్కుమనిపించేది. నా కళ్ళకు అది అలవాటే. ఎరుపు ఆ పొగలో కలిసిపోయేది. దసరా పేరంటాలకు అలా వెళితే ఆడవాళ్ళు నా గడ్డం పట్టుకుని చూశారు.

“ఎంతైనా ఆ ఇంటి పిల్ల, కళ్ళల్లోనే తెలుస్తోంది” అంది ఒకావిడ.

నేను కాదనలేదు.

దీపావళి దగ్గరపడుతుండగా ఇంటావిడ కూతురు మా గుమ్మంలోకి వచ్చింది. ఆ పిల్లకు తాడేపల్లి సంబంధం కుదిరింది. కాబోయే అత్తవారు పండగ సాయంత్రం వస్తున్నారు.

“అక్కా, నీ కళ్ళలాగా నాక్కూడా చెయ్యవా? మొన్న మా ఆడపడుచు ఫోన్లో పెద్ద ఫోజు కొట్టింది, మీ ఊళ్ళో బ్యూటీ పార్లర్లుంటాయా అని.”

సరేనన్నాను. ముందు రోజునుంచి మిరపకాయ ముట్టకుండా ఉంటే చాలనుకున్నాను. కాని పండగనాడే ఒక బస్తా వచ్చిపడింది, సాయంత్రానికి తిరిగి ఇవ్వాలని. నాయనమ్మ ఒక్కదానివల్ల కాదు. కూర్చున్నాను. లేచేసరికి చేతులు మోచేతుల దాకా మండుతున్నాయి. నూనె, శనగపిండి, మజ్జిగ, అన్నీ అయ్యాయి. వేలు నాలుకకు తాకించి చూసుకుంటే నిప్పు.

ఇంటావిడ హాల్లో ఆ పిల్ల కొత్త పట్టుచీరలో, కళ్ళు మూసుకుని, ముఖం నా వైపు ఎత్తి కూర్చుంది. ఆవిడ పక్కనే చాప మీద ప్రమిదలకు ఒత్తులు చేసుకుంటోంది. ఒడిలో పత్తి. నేను వేలికి కాటుక అద్దుకున్నాను. రెప్పకు అంగుళం దూరంలో చెయ్యి ఆగిపోయింది. తాకితే ఆ కన్ను మండుతుంది. ఎందుకు మండిందో ఈ ఊళ్ళో చంటిపిల్ల కూడా చెబుతుంది. తాకకపోతే ఎందుకు తాకలేదో నేను చెప్పాలి. అద్దంలో నా వీపు చూసుకున్నాను. నిటారుగానే ఉంది.

“పెట్టక్కా, వాళ్ళొచ్చేస్తారు” అంది ఆ పిల్ల.

“ఏదైనా మెత్తటిదుంటే బాగుంటుంది, ఉత్త వేలికంటే” అన్నాను.

“నీకు వేలితోనేగా అంత బాగా వచ్చింది?”

ఇంటావిడ ఒడిలోని పత్తి కొంచెం తెంపి, చీపురుపుల్ల కొసకు గట్టిగా చుట్టి, అరచేతిలో దొర్లించి నున్నగా చేసింది. దాన్ని నా చేతికిచ్చింది.

“దీంతో పెట్టండి అమ్మాయిగారూ. ఇది పసిదిగా ఉన్నప్పుడు నేను మీ తాతగారి కల్లంలో తొడిమలు తీసేదాన్ని. ఇంటికొచ్చి దీనికి కాటుక ఇట్టాగే పెట్టేదాన్ని. వేలు తగిలితే ఇంకేమన్నా ఉందా, ఊరు లేచిపోదూ!”

“పోమ్మా, అప్పటి సంగతులు ఇప్పుడెందుకు” అని కళ్ళు తెరవకుండానే నవ్వింది కూతురు.

ఆవిడ నా వైపు చూడలేదు. మళ్ళీ ఒత్తులు చేసుకోవడంలో పడింది. ఆవిడకు ఎప్పటినుంచో తెలుసు. ఆ కషాయం మాటలన్నీ నాకు ఒక్కసారిగా మరోలా వినిపించాయి. అయినా ఇన్నాళ్ళూ ఆవిడ నోట అమ్మాయిగారు అన్న పిలుపు మారలేదు.

పత్తి కొస నా వేలికంటే మెత్తగా నడిచింది. నలుపు రెప్ప మీద పాకుతూ, పలచబడుతూ, పైకి తేలిపోయింది. బయట ఎవరో తొందరపడి కాల్చిన మతాబు పొగ కిటికీలోంచి వచ్చి మా మధ్య ఆగింది. ఆ పొగ ఏదో, ఈ పొగ ఏదో కాసేపు తెలియలేదు. ఆ పిల్ల కళ్ళు తెరిచినప్పుడు నేను చాలా దూరం నుంచి, ఇటుకల మధ్య దీపం దగ్గరనుంచి, ఆ కళ్ళను చూస్తున్నట్టు అనిపించింది.

“అమ్మో! ఇది నేనేనా?” అంది అద్దం ముందు.

“నువ్వే. మీ ఆడపడుచుకు చెప్పు, ఇక్కడి పార్లర్ పేరు చీపురుపుల్ల అని” అంది తల్లి.

ఇంటికి వచ్చాక ఆ పుల్లను భరిణె పక్కన పెట్టాను. నాయనమ్మ నల్లబడిన పత్తిని చూసింది, నా చేతులను చూసింది. “ఎవరు చుట్టారు?” అని అడిగింది. చెప్పాను. ఆవిడ అన్న మాటలు కూడా చెప్పాను. నాయనమ్మ గుమ్మంలో దీపాలు పెట్టి, అవి ఆరిపోయేదాకా అక్కడే కూర్చుంది.

పండగ వెళ్ళాక మళ్ళీ బస్తా వచ్చింది. అలవాటుగా తలుపు వేయబోయాను.

“ఉండనీ, గాలాడటం లేదు” అంది నాయనమ్మ.

తొడిమలు విరుస్తూ ఉండగా నాకు తుమ్ము వచ్చింది.

“ఏంటి పెద్దమ్మగారూ, మళ్ళీ జలుబా?” గోడ అవతలినుంచి ఇంటావిడ గొంతు.

నాయనమ్మ వీపు ఎప్పటికంటే నిటారుగా చేసుకుంది.

“జలుబు కాదమ్మాయ్, మిరపకాయలు” అంది.

కాసేపటికి ఇంటావిడ మా గుమ్మంలో ఉంది, చంకలో చేట పెట్టుకుని. “పిల్ల అమ్మమ్మగారింటికి పోయింది, ఇంట్లో తోచట్లేదు” అంటూ నా పక్కన కూర్చుని, ఒక దోసిలి కాయలు తన చేటలోకి లాక్కుంది.

“అత్తా, ఇటు జరుగు, అక్కడ ఎండ పడుతోంది” అన్నాను.