తిరిగి చెప్పని మాట

"ఒలే, పిల్లకి సెప్పు. తప్పు నాది, దానిది కాదని సెప్పు. ఏటన్నానో మల్లీ సెప్పు."

"ఇదేటి, మీ కాబిన్ అనుకున్నారేటి? మీ నోటితో మీరే సెప్పుకోండి. ఎల్లండి, ఎల్లండి."

మా ఇంటాయనా నేనూ ఆఖరిసారి అనుకున్న మాటలు ఇవే. నిరుడు వేసవిలో, పొద్దున్న తొమ్మిదింటికి, గేటు దగ్గర. ఆయన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డారు. నా చేతిలో బియ్యం చేట. నేను తల కూడా ఎత్తలేదు. అమ్మాయ్, తల ఎత్తలేదన్నది కూడా రాయి.

ఆయన బిలాస్‌పూర్ రైల్వేలో కాబిన్‌మేన్. లీవర్లు లాగి సిగ్నళ్లు ఇచ్చే పని. అక్కడ ఫోన్‌లో స్టేషన్ మాస్టర్ ఏం చెప్తే విన్నవాడు అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పకపోతే మాట చేరినట్టు కాదు, రైలు కదలదు. ముప్పై ఏళ్లు ఆ పని చేసి ఆ అలవాటు ఇంటికి మోసుకొచ్చారు. ఉప్పు తెమ్మంటే, "ఉప్పు తెమ్మన్నావు" అని నాకు అప్పజెప్పి గాని చెప్పులు తొడుక్కునేవారు కాదు. ఇది రాస్తున్న మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఈ కోడలి కూతురే, నా మనవరాలు, నర్సు చదువు చదివింది. బయటి దేశం ఆసుపత్రిలో ఉద్యోగానికి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి ఉంటుందట. ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతాడు, ఇది జవాబు చెప్పాలి. తాత ఇంగ్లీషు కాబిన్ ఇంగ్లీషే అయినా, "నేనున్నాను కదేటి" అని రోజూ సాయంత్రం అలారం గడియారం ముందు పెట్టుకుని కూర్చునేవారు. ప్రశ్నల పుస్తకంలో సైకిళ్ల మీద ఒక పేజీ ఉండేది. ఆయనకి ఆ పేజీ అంటే ప్రాణం.

"నువ్వు సైకిల్ తొక్కుతావా?" అని ఇంగ్లీషులో అడిగేవారు. పిల్ల ముందు ప్రశ్న తిరిగి చెప్పాలి. తర్వాత "నో" అనాలి.

"శబాషు! టక్కున సెప్పినావు."

"అరే తాతా, కోచింగ్‌లో సారు ఎక్కువ మాట్లాడమన్నారు."

"ఎక్కువ మాటలాడితే రైలు గుద్దుకుంటాది. అడిగిందే సెప్పాల, ఆపీయాల."

పిల్ల తాత మాటే విన్నది. పరీక్షలో ప్రతి ప్రశ్నా తిరిగి చెప్పి, నాలుగు ముక్కల్లో జవాబు చెప్పి నోరు మూసుకుందట. సైకిల్ గురించే అడిగారట కూడా. "సైకిల్ ఒంటికి మంచిది" అందట, అంతే. కావలసిన మార్కు కొంచెంలో పోయింది. కోచింగ్ సారు, "నీ ఇంగ్లీషులో తప్పు లేదు. ఎవరి సైకిలు, ఎక్కడికెళ్లింది, ఎవరు పడ్డారు, అది చెప్పకపోతే ఎదుటివాడు ఏం వింటాడు?" అన్నాడట. ఆ మాట పిల్ల ఏడుస్తూ వచ్చి ఆయనకి చెప్పింది. ఆ పూట అన్నం కెలికి వదిలేశారు.

తెల్లారి ఉతికిన చొక్కా వేసుకుని, "దానికి సైకిలు నేర్పుతాను. తొక్కితే మాటలు అవే ఒస్తాయి. ముందు బ్రేకులు ఏయించాల" అని బయల్దేరారు. ఆ తర్వాత గేటు దగ్గరి మాటలు. గోల్ బజార్ దాకా తొక్కుకుంటూ వెళ్లారు. రిపేరు కొట్టు బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు అడిగారట. గ్లాసు తెచ్చేసరికి పక్కకి ఒరిగిపోయారట. మూడో రోజున కొట్టువాడే సైకిల్ నడిపించుకుంటూ తెచ్చి వరండాలో పెట్టి వెళ్లాడు. కొత్త బ్రేకులు వేసి ఉన్నాయి.

పిల్ల రెండోసారి పరీక్షకి పేరు ఇచ్చింది. మిగతా పేజీలన్నీ గడగడా చెప్పేది. సైకిల్ పేజీ దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయేది. ఒకరోజు పుస్తకం మూసేసి, "నేను ఫెయిల్ కాకపోతే తాత ఆ ఎండలో వెళ్లేవారే కాదు నానమ్మా. నేనీ పరీక్ష రాయను" అంది.

నా దగ్గర ఆయన అప్పజెప్పిన మాట ఉంది. చెప్తే పిల్ల మనసు తేలికపడుతుంది. కానీ చెప్పాలంటే నేనేమన్నానో కూడా చెప్పాలి కదా. రెండు నెలలు ఆ సిగ్గుతోనే మింగి కూర్చున్నాను. నా సిగ్గు కోసం పిల్లని ఏడిపించాను.

ఆ సాయంత్రం గడియారానికి కీ ఇచ్చి, టీ గ్లాసు పట్టుకుని ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

"సెప్పు, ఇంటాను."

"నీకు ఇంగ్లీషు ఏం అర్థమవుద్ది నానమ్మా?"

"మాట తెల్దు, పొడుగు తెలుస్తాది. గుక్కెడు టీ తాగేలోపల అయిపోతే అది జవాబు కాదు."

నేనే మొదలుపెట్టాను. పెళ్లయిన ఏడాది ఆయన నన్ను వెనకాల క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని రతన్‌పూర్ అమ్మవారి గుడికి తీసుకెళ్లారు. దారిలో రెండుసార్లు చైను ఊడింది. గ్రీజు చేతులతోనే నన్ను పట్టి దింపారు. పచ్చ చీర మీద అయిదు వేళ్లూ పడ్డాయి. ఊరంతా చూస్తారని నేను ఏడుస్తుంటే, "నా ఏళ్లే కదే, పరాయోడివా?" అన్నారు. ఆ చీర ట్రంకు పెట్టెలోంచి తీసి చూపించాను.

"గ్రీజుని ఇంగిలీసులో ఏటంటారు?"

"గ్రీజే నానమ్మా." తాత పోయాక పిల్ల నవ్వడం అదే మొదలు.

అప్పుడు చెప్పాను. గేటు, చేట, ఆయన మాట, నా మాట. ఏదీ దాచలేదు. "తప్పు నాది, దానిది కాదని సెప్పమన్నారు. ఏటన్నారో మల్లీ సెప్పు" అన్నాను. పిల్ల తిరిగి చెప్పింది. "తప్పు తాతది, నాది కాదు." నన్ను తిట్టలేదు. చీర మడత పెట్టి నా ఒళ్లో పెట్టి, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. సైకిల్, గ్రీజు, రతన్‌పూర్, నాకు ఆ మూడే తెలిశాయి. టీ పూర్తిగా చల్లారిపోయింది, అది ఇంకా చెప్తూనే ఉంది.

పరీక్షలో ఈసారి సైకిల్ అడగలేదట. మీ ఊళ్లో జనం పనికి ఎలా వెళ్తారని అడిగారట. మా తాత సైకిల్ మీద కాబిన్‌కి వెళ్లేవారని మొదలుపెట్టి, చాలమ్మా అనేదాకా చెప్పిందట. మార్కు వచ్చింది. వచ్చే నెల ప్రయాణం.

ఫోన్‌లో మార్కు చూసి అది గంతులు వేస్తుంటే, నేను వరండాలోకి వెళ్లి సైకిల్ సీటు మీద చెయ్యి వేసి, "పిల్లకి మార్కొచ్చినాదండీ" అన్నాను. అలవాటు కదా, కాసేపు నిలబడ్డాను. మార్కొచ్చిందన్నావు అని తిరిగి చెప్పే మనిషి లేడు.

పిల్ల వెంట పంపాలనే ఇది రాయించాను. దానికి తెలుగు కూడబలుక్కుంటే గాని చదవడం రాదు, నాకు సంతకం తప్ప అక్షరం రాదు. అమ్మాయ్, కలం పక్కన పెట్టు. ఇప్పటిదాకా నేనేమన్నానో మొదటి నుంచీ చదివి నాకు వినిపించు. గేటు దగ్గర నేనన్న మాట మెత్తగా మార్చకు. ఎలా అన్నానో అలాగే చదువు.