స్పీకరు చిరగలేదండి

నా పేరు సత్తియ్య. పెద్దాపురంలో మైక్ సెట్ నాది. ముప్ఫయ్యేళ్లుగా పెళ్లిళ్లకీ జాతరలకీ బాక్సులు కడుతున్నాను కాబట్టి, సౌండ్ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనే పొగరు ఉండేది. ఆ పొగరు దించింది సూర్యకళ గారు.

ఆవిడ మా ఊళ్లో నూనెల కొట్టు వాళ్ల ఆడపడుచు. జోగేశ్వరరావు గారి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవారు. ఆవిడతో నా మొదటి ప్రోగ్రాంలోనే పాట మధ్యలో బాక్సు బొంగురుగా గరగరలాడింది. స్పీకరు చిరిగిందనుకుని పరిగెత్తుకెళ్లి వైరు పీకేశాను. ఆవిడ స్టేజీ దిగి వచ్చి, "స్పీకరు చిరగలేదండి. అది కీబోర్డులో ఆర్గాన్ సౌండు. అలాగే ఉంటుంది" అన్నారు.

ఆవిడ చిన్నప్పుడు సామర్లకోటలో భక్తిపాటల క్యాసెట్టని కొంటే లోపల ఇంగ్లీషు రాక్ పాటలున్నాయట. విన్నవాళ్లంతా గిటారుకి పడిపోతే, ఈవిడ వెనకాల గొణిగే ఆర్గాన్‌కి పడ్డారు. అదీ అన్ని ఆర్గాన్లూ కాదు. నున్నగా పలికేవి ఆసుపత్రి లిఫ్టులో పెట్టుకోవడానికి పనికొస్తాయంటారు. టేబుల్ ఫ్యాను ముందు మాట్లాడితే గొంతు వణికినట్టు వణకాలి, కోపం వచ్చేకొద్దీ ఆ వణుకు వడి అందుకోవాలి. "గిటారు ఏడుస్తుందండి, ఆర్గాన్ నిలదీస్తుంది" అంటారు. నాకు మాత్రం అది పిండిమర చప్పుడే. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరుకున్నాను.

జోగేశ్వరరావు గారు ఊరుకోలేదు. నిరుడు మరిడమ్మ జాతరకి ముందు తేల్చి చెప్పేశారు. "అమ్మవారి పాటకి ఆ గోల వద్దండి. ఫ్లూటో వయొలినో పెట్టండి. కాదంటే మీకిదే ఆఖరి ప్రోగ్రాం."

ఇరవై రెండేళ్లుగా ఆవిడ కూర్చున్న చోటు అది. యాభై అయిదు దాటాక పిలిచి కుర్చీ వేసే ఆర్కెస్ట్రా ఇంకోటి లేదు. అయినా "అమ్మవారు శాంతమూర్తని మీకెవరు చెప్పారండి?" అని, కొంగు దోపుకుని స్టేజీ ఎక్కారు.

ఆ సాయంత్రం మొదటి పాట. పల్లవి దాకా బుద్ధిగా వయొలిన్లే. చరణానికి ముందు ఆర్గాన్ లేచింది. ముందు వరసలో పెద్దలు చెవులు మూసుకున్నారు. జోగేశ్వరరావు గారు నాకేసి చూసి అరచెయ్యి కిందికి ఊపారు, తగ్గించమని. ఆ సైగకి నేను అలవాటు పడినవాణ్ణే. ఆవిడకి తెలియకుండా ఎన్ని ప్రోగ్రాముల్లో తగ్గించానో, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆవిడ తల తిప్పి నన్నే చూశారు. తెలియకపోవడమేమిటి, అన్నిసార్లూ తెలుసు. చేతులు మాత్రం ఆపలేదు.

నాకు ఒళ్లు మండింది, బహుశా నా మీదే. ఆ సౌండ్ నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ వాయించే మనిషి గొంతు మధ్యలో నొక్కడానికి నేనెవణ్ణి? వాల్యూమ్ పూర్తిగా పైకి తోసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ప్రోగ్రాం అయ్యాక ఇద్దరికీ ఒకేసారి ఉద్వాసన పలికారు. నా బాక్సులూ ఆవిడ కీబోర్డూ ఒకే ట్రాలీ ఆటోలో ఎక్కించాం. ఒక్క మంచి మాటయినా అంటారేమోనని ఆవిడ వైపు చూశాను.

"వాల్యూమ్ పెంచారు గానీ ట్రెబుల్ తగ్గించే ఉంచేశారు సత్తియ్య గారూ, సగం గరగర పోయింది" అన్నారు. "ఈసారి సరిగ్గా పెట్టండి."