ఇంటికో మనిషి

కార్తీకంలో రెండో శనివారం, ఉదయం ఆరుంబావుకు మా బావ అప్పన్న పోయాడు. ఆరున్నరకు ఆయన భార్య, మా అప్ప పైడమ్మ ఫోన్ చేసింది. ఏడింటికి నేను టాటానగర్ భాలుబాసాలో ఇంటికి తాళం వేశాను. మా అబ్బాయి రవి రాత్రి షిఫ్టు దిగి నేరుగా బండి మీద వస్తానన్నాడు.

అప్ప ఉండేది దల్మా కొండ కింద. కాంట్రాక్టు పనులు మానేసిన మన శ్రీకాకుళం వాళ్ళు పదకొండు కుటుంబాలు అక్కడ పెంకుటిళ్ళు వేసుకున్నారు. వెళ్ళేవాళ్ళకు దారి చెబుతాను. సాక్చికి షేరు ఆటో, అక్కడి నుంచి మాంగో బస్టాండుకు ఇంకో ఆటో. ఎనిమిదింటి రాంచీ బస్సులో కుడివైపు కూర్చుంటే కొండ కనబడుతుంది. టికెట్టు నలభై రూపాయలు. బస్టాండులో టీ తాగకండి, వట్టి నీళ్ళు.

నా పక్కన కొత్తగా పెళ్ళయిన జంట కూర్చున్నారు. అబ్బాయి పేరు కిరణ్, టాటానగర్‌లో రైల్వే వాళ్ళింటి తెలుగువాడే. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చాడు. కొండ కింద ఒక ఇల్లు రెండు రాత్రులకు అద్దెకు తీసుకున్నారట. ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఆ అరుగు నాకు తెలుసు. మా అప్ప పక్కిల్లే, పేటలో ఉండే నూకరాజు తమ్ముడిది. ఆవుల సావిడి ఉన్నచోట ఇప్పుడు ఈత తొట్టి ఉంది.

"ఈవేళ ఆ పక్కింట్లోంచి శవం లేత్తది బాబూ," అని చెప్పేశాను. దాచి ఏం లాభం? ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగిపోయింది.

తొమ్మిదింటికి పెద్ద రోడ్డు మీద దిగి అరగంట నడిచాం.

ఆ పేటలో ఎవరు పోయినా ఇంటికో మనిషి రావాలి, ఇంటికో కట్టె ఇవ్వాలి. పాత తగవులు అడ్డురావు. ఇప్పుడు మూడిళ్ళలోనే పొయ్యి వెలుగుతోంది. మిగిలిన ఎనిమిదీ రోజుల లెక్కన అద్దెకు పోతున్నాయి. ఇళ్ళవాళ్ళు కొందరు విశాఖలో, కొందరు టౌనులో కొడుకుల దగ్గర ఉన్నారు. వాళ్ళనూ అనలేను. పెంకులు మార్చుకునే స్తోమత ఎవరికుంది?

మొదటి గేటు దగ్గర అద్దె ఇళ్ళకు సర్కారు పెట్టిన నిబంధనల కొత్త బోర్డు ఉంది. నేను యాభై దాటాక కాసిడీహ్ రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని, బోర్డు కనబడితే చివరిదాకా చదువుతాను. వచ్చినవాళ్ళ పేర్లు రాయాలి, కెమెరా ఉండాలి, మంటలార్పే సిలిండరు ఉండాలి, రాత్రి పదికి పాటలు ఆపాలి. వానాకాలంలో అధికారి వచ్చి ఇవే సభలో చదివితే, మా బావ లేచి, అద్దె ఇల్లయినా చావుకు ఒక మనిషిని పంపాలని కూడా రాయమన్నాడట. అధికారి నవ్వి, అది సర్కారు రాసేది కాదన్నాడట. ఆ సభ తర్వాత పేటలో పోయిన మొదటి మనిషి మా బావే.

శనివారం శవం తోడు కోరుతుందంటారు. అందుకని పాడెకు కోడిపిల్లను కట్టారు. మా బావ తోడు కోరలేదు, మోసేవాళ్ళను కోరాడు. పిల్లలు లేని మనిషి కాబట్టి రవి కుండ పట్టాలి. మిగిలింది డెబ్భై దాటిన సింహాచలం, మోకాళ్ళు పోయిన నూకరాజు. పక్క ఊరి మగవాళ్ళు తెల్లారకుండానే టౌనుకు కూలికి పోయారు. ఇళ్ళు అద్దెకిచ్చి వెళ్ళిన పేటవాళ్ళకు అందరికీ ఫోన్లు చేశాం. అందరూ వత్తన్నామనే అన్నారు. ఒంటిగంట దాకా చూశాం. ఎవరూ రాలేదు.

అద్దె ఇళ్ళ కాపలా మనిషి బుధ్‌రామ్, అతిథుల సామాన్లు తెచ్చే బండిలో తీసుకుపోదామన్నాడు. మా అప్ప లేచి నిలబడింది.

"ఈ పేటలో సచ్చినోళ్ళందర్నీ ఆయనే మోసినాడు. ఆయన బండెక్కడు."

బుధ్‌రామ్ వెళ్ళి ఖాళీ ఇళ్ళ గేట్లకు తాళాలు వేసి, అతిథులు రాత్రి చలిమంట వేసుకోవడానికి పేర్చిన కట్టెలు మోపు కట్టి తెచ్చాడు. పాడెకు మూడో భుజం అతనిది. నాలుగోవాడిగా తడి జుట్టుతో కిరణ్ వచ్చాడు.

"కిధర్ పకడ్‌నా హై, దాదీ?" అని ఎక్కడ పట్టుకోవాలో అడిగాడు.

ఎడమ పక్క వెనక కొమ్ము చూపించాను. గేటు దగ్గర నిలబడి అతని భార్య పిలిచింది. కిరణ్ తిరిగి చూడలేదు. ఎప్పుడూ మోసినవాడు కాదు, పాడె ఊగింది.

"పెళ్ళికొడకా, ఊరేగింపు కాదురా ఇది. అడుగు కలుపు," అన్నాడు సింహాచలం.

వాగు ఒడ్డున దహనం అయ్యాక స్నానాలు చేసి, అందరూ మా అప్ప ఇంట్లో దీపం చూశారు. తనూ చూడాలా అని కిరణ్ అడిగాడు. చూడాలన్నాను. చూసి, ఈత తొట్టి ఉన్న ఇంటికి వెళ్ళిపోయాడు.

రవిని ఆ రాత్రికి అక్కడే ఉంచి, ఐదింటికి నేను బయల్దేరాను. అప్ప గుమ్మంలో కూర్చుంది.

"బావని మోసీసినారు. రేపు నన్నెవులు మోత్తారే?"

"నాకాడికి వచ్చీ అప్పా."

"నీదీ అద్దిల్లే కదే."



తిరుగు బస్సు ఐదూ నలభైకి దొరికింది. చీకటి పడిపోయింది, కొండ కనబడలేదు. కొండ కింద ఇళ్ళు బాగుంటాయటగా అని పక్క సీటాయన అడిగాడు. బాగుంటాయన్నాను. మోసే మనుషుల్ని వెంట తీసుకెళ్ళమన్నాను. ఆయన లేచి ముందు సీటుకు మారాడు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళు: మా అప్ప పైడమ్మ, కుండ పట్టిన రవి, సింహాచలం, అతని భార్య గౌరమ్మ, నూకరాజు, పక్క ఊరి బుధ్‌రామ్, రెండు రాత్రులకు వచ్చిన కిరణ్, గేటు దాకా వచ్చిన అతని భార్య, ఆమె పేరు నేను అడగలేదు, నేను, నారాయణమ్మను. పాడె మీద అప్పన్న.