గోడకి ఇవతల ఆరు ఇంజన్లు

ఏడుని ఒకటి చెయ్యడానికి ఎంతసేపు పడుతుందో మీకెవరికైనా తెలుసునా? నాకు తెలుసు. చుట్ట ముట్టించుకునేంత సేపు కూడా పట్టదు. పోయిన నెల గుడ్లవల్లేరులో, పదిమంది కూలీల ఎదుట నేర్చుకొచ్చాను. ఈ టీ వేడిగా ఉండగానే చెప్పేస్తాను. చల్లారిందంటే ధైర్యం కూడా చల్లారుతుంది.

బందరులో నేను గుమాస్తాగా ఉంటున్న ప్లీడరు గారికి, వాళ్ళ మావగారి వైపు నుంచి గుడ్లవల్లేరు దగ్గర ఒక బియ్యం మిల్లు కలిసొచ్చింది. ఆయన దాని మొహం ఎన్నడూ చూడలేదు. కోతలు దగ్గర పడుతున్నాయి.

"పానకాలూ, ఆ మిల్లులో ఇంజన్లెన్నున్నాయో, పనివాళ్ళెలా చేస్తున్నారో చూసి రాసుకురా. అన్నట్టు, యంత్రాల సంగతి నీకేమైనా తెలుసా?" అన్నారు.

తెలీదండీ అని ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "కొంత అధ్యయనం చేశానండీ" అన్నాను.

పోస్టులో వి.పి.గా తెప్పించుకున్న యంత్రాల పుస్తకంలో నాలుగు పేజీలు చదివిన మాట నిజమే. వాటిలో నా బుర్రలో నిలిచింది ఒక్క వాక్యం: ఇంజనుకు పెద్ద చక్రముండును, అది తిరుగుచుండును. జేబులో వాచీ లేకపోయినా, చిలకలపూడి గిల్టు గొలుసొకటి పైకి కనపడేట్టు వేలాడేసుకుని బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి మిల్లు ఆడుతోంది. మోతకి చెవులు పనిచెయ్యడం లేదు. ఊక దుమ్ములో ఎటు చూసినా చక్రాలే. జల్లెడకొకటి, దంపే మిషనుకొకటి, పాలిషుకొకటి, ఒక్కోదానికీ బారెడు తోలు బెల్టు. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఆరు. గోడకి అవతల చిన్నగదిలో టుక్కు టుక్కుమంటూ ఇంకోటి. వెరసి ఏడు. మళ్ళీ లెక్కపెట్టినా ఏడే. చక్రానికో ఇంజను, సందేహమేముంది?

ఇంజను డ్రైవరు పేరు యోహాను. మా నాన్న వయసుంటుంది. పెంకుముక్కతో రుద్దుకున్నా పోని నూనె మరకలు చేతులకి. నాకు టీ తెప్పించి, తన కూతురు బందరులో టీచరు ట్రైనింగు చదువుతోందనీ, ఈ మిల్లు చలవేననీ చెప్పాడు. నేను సగమే విన్నాను. నా చూపంతా ఒక్కచోటే ఉంది. ఏడు ఇంజన్లుంటే, ఈ మనిషి పొద్దుట్నించీ ఒక్కదాని దగ్గరే స్టూలేసుకుని కూర్చున్నాడు. మిగతా ఆరింటి వంక కన్నెత్తి చూడడే.

పరీక్ష పెడదామనిపించింది. "యోహానూ, ఆ నాలుగో ఇంజను ఆపు చూద్దాం" అన్నాను.

"నాలుగోదాండీ?"

"అదే, జల్లెడ పక్కది."

"బెల్టు తప్పించమంటారాండీ?"

"బెల్టు ఊసు నేనెత్తానా? ఇంజను ఆపమంటున్నాను."

అతను నా మొహంలోకీ, నా గొలుసు వంకా చూసి, నెమ్మదిగా అన్నాడు. "ఇంజను ఆపితే అన్నీ ఆగిపోతాయండీ."

అమ్మ యోహానూ అనుకున్నాను. ఒకటి ఆపమంటే అన్నీ ఆపుతాడట.

బందరు చేరి మంచి దస్తూరీతో రిపోర్టు రాశాను. "మిల్లునందు ఏడు ఇంజన్లు కలవు. డ్రైవరు యోహాను ఒక్కదానివద్దనే కూర్చుండి తక్కిన ఆరింటిని గాలికి వదలివేసియున్నాడు. ఒకటి ఆపమన్నచో అన్నియు ఆపెదనని సమ్మె చేయువానివలె బెదిరించుచున్నాడు."

ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కోతల ముందు సమ్మె అంటున్నాడా? వాణ్ణి తీసేద్దాం. కాయితం రాయి. నేనే వచ్చి చేతికిస్తాను."

అదీ నేనే రాశాను. అక్షరాలు ఇంకా ముత్యాల్లా వచ్చాయి.

రెండో రోజు ఇద్దరం మిల్లుకి వెళ్ళాం. ఉద్యోగం ఊడగొట్టే కాయితం నా సంచిలో ఉంది. నేను గొడుగు చూపుడుకర్రలా పట్టుకుని, "ఇది ఒకటోదండీ, ఇది రెండోదండీ" అంటూ చూపించుకుంటూ పోతున్నాను. ప్లీడరు గారు నాలుగోదాని దగ్గర ఆగారు.

"ఏదీ, ఈ ఇంజను ఆపమను."

యోహాను నా వంక చూశాడు. తలొంచుకుని గోడవతలికి వెళ్ళాడు. టుక్కు టుక్కు నెమ్మదించింది. నాలుగో చక్రం నెమ్మదించింది. దానితోపాటు ఒకటీ, రెండూ, మూడూ, ఐదూ, ఆరూ, అన్నీ ఒకే మాట మీద ఉన్నట్టు నెమ్మదించి ఆగిపోయాయి. ఎంత నిశ్శబ్దమంటే, బస్తాల మీద పిచ్చుకలు ముక్కుతో పొడుస్తున్న చప్పుడు వినపడింది.

నేను ప్లీడరు గారి చెవిలో అన్నాను. "చూశారాండీ? మొత్తం ఆపేశాడు."

యోహాను తిరిగొచ్చి, ఆయన్ని మొదటి చక్రం దగ్గరికి తీసికెళ్ళాడు. బెల్టు వెంబడే వేలు పోనిచ్చాడు. బెల్టు పైనున్న పొడుగాటి ఇనపకడ్డీకి వెళ్ళింది. రెండోదీ దానికే. మూడోదీ దానికే. ఆ కడ్డీ గోడ కన్నంలోంచి అవతలికి వెళ్ళింది. అవతల స్టూలూ, దాని పక్కన ఒకే ఒక్క ఇంజనూ ఉన్నాయి.

"గుమాస్తా గారి తప్పేం లేదండీ. ఇవతల్నించి చూస్తే అలాగే ఉంటది" అన్నాడు యోహాను.

తిట్టి ఉంటే బావుండేది.

"పానకాలూ, సంచిలో కాయితం తియ్యి. పైకి చదువు" అన్నారు ప్లీడరు గారు.

కోర్టులో సాక్షుల్ని ఏడిపించిన గొంతది. కూలీలందరూ పని లేక చుట్టూ చేరారు. చదివాను. "ఆరు ఇంజన్లను నిర్లక్ష్యము చేసిన కారణమున" దగ్గర నా గొంతు నాకే వినపడలేదు. వాళ్ళలో ఒకాయన, "కాస్త గట్టిగానండీ" అన్నాడు.

అయిపోయాక యోహాను, "బాగా రాశారండీ" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. నా చెయ్యి దానంతటదే వెళ్ళి గొలుసుని జేబులో దాచేసింది.

ప్లీడరు గారు కాయితం నా చేతిలోంచి లాక్కుని నాలుగు ముక్కలు చేశారు. "యోహానూ, ఇకనించి లెక్కలు నువ్వే చెప్పు. ఈ మిల్లులో ఇంజన్లెన్ని?"

"ఒకటండీ."

"డ్రైవర్లు?"

"నేనొక్కణ్ణేనండీ."

"నా దగ్గర గుమాస్తాలు?"

యోహాను నన్ను చూశాడు. "ఒకరండీ."

"సరిగ్గా చూసి మళ్ళీ లెక్కపెట్టు."

యోహాను గారు లెక్కపెట్టలేదు. ఇంజను చల్లారిపోతోందండీ అంటూ గోడవతలికి వెళ్ళిపోయారు. ఇవాళ్టికీ నేను ఉద్యోగంలో ఉన్నానంటే, ఆయన ఆ లెక్క ఇంకా పూర్తి చెయ్యకపోబట్టే.