నేను కత్తిరించిన వీడియో ముక్క

ఆర్మూర్ బస్టాండు దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉంది. దానితో పాటు ఫోన్లో ఒక చిన్న వార్తల ఛానెల్ నడుపుతాను. విలేకరి కార్డు లేదు, జీతమూ లేదు. పసుపు సీజన్లో పొద్దున్నే మార్కెట్ యార్డుకు పోయి, సరుకు ఎంత వచ్చింది, వేలం పాట ఎలా సాగుతోంది అని వీడియో తీసి పెడతాను. వేల్పూర్, అంకాపూర్ రైతులు అది చూసుకునే బండి కట్టాలా వద్దా అని ఆలోచిస్తారు.

మొన్నటి సీజన్లో ఒకరోజు అలాగే కుప్పల్ని తీస్తుంటే వెనక నుంచి కేకలు వినిపించాయి. ఫోన్ ఆపకుండానే అటు తిరిగాను. ఒక వ్యాపారి దగ్గరుండే గుమాస్తా, యార్డు ఊడ్చే ఆమె చేతిలోని సంచి లాక్కుని నేల మీద బోర్లించాడు. మట్టి కలిసిన పసుపు కొమ్ములు పడ్డాయి.

"దొంగతనం జేస్తున్నవా?" అని చెంప మీద కొట్టాడు. ఆమె ఏదో చెప్పబోయింది. మళ్లీ కొట్టాడు. చుట్టూ పది పదిహేను మందిమి ఉన్నాం. ఒక్కరమూ అడ్డుపోలేదు. నేను వీడియో తీస్తూ నిలబడ్డాను.

షాపుకు వచ్చి, మొదట్లో ఉన్న కుప్పల భాగం కత్తిరించేసి, కొట్టినంతవరకే ఉంచాను. పెట్టబోతూ ఆమె ముఖం చూసి ఆగాను. కూతురి స్కాలర్‌షిప్ కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి ఆమె మా షాపుకే వస్తుంది. అడగకుండా పెట్టబుద్ధి కాక వాళ్లింటికి పోయాను.

"వద్దన్నా," అంది ఆమె. "వాడు కొట్టిండని అందరికి తెలుస్తది, మంచిదే. గని నేను దెబ్బలు తిన్నది గూడ జూస్తరు గద. నా బిడ్డ హాస్టల్ల ఉంటది. ఆడ గూడ ఫోన్లున్నయి."

"మొఖం కనబడకుండ జేస్తనక్కా."

"నా చీర కనబడదా? నా గొంతు తెల్వదా?"

నేను పెట్టలేదు. మంచి పనే చేశానని కొంచెం గర్వపడ్డాను కూడా.

మరునాడు మధ్యాహ్నానికి ఇంకో ఛానెల్లో, ఇంకెవరో తీసిన పదకొండు సెకన్ల ముక్క వచ్చింది. సంచి బోర్లించడం, కొమ్ములు పడటం, అంతే. చెంపదెబ్బ లేదు. పైన 'పసుపు దొంగ దొరికింది' అని రాశారు. సాయంత్రానికి ఊరంతా చూసింది.

ఆమె తలమీద కొంగు కప్పుకుని షాపుకు వచ్చింది.

"నీ తాన మొత్తం ఉన్నదా అన్నా? మొదటి నుంచి జూపియ్యి."

కత్తిరించక ముందటి వీడియో ఫోన్లో అలాగే ఉంది, వేసి చూపించాను. తెర మీద పసుపు కుప్పలు కదులుతున్నాయి. వెనక నుంచి గుమాస్తా గొంతు సన్నగా వినిపించింది: "గా మూలకు రాలినయన్ని ఊడ్సి నువ్వే తీస్కపో. కాళ్ల కింద తొక్కుడైతున్నయి."

"గదే అన్నా," అంది ఆమె. "నేను చెప్పవోయింది గదే."

తీసింది నేను. కత్తిరించింది నేను. ఆ మాట మాత్రం వినలేదు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

"గిది పెట్టు," అంది.

"నువ్వు దెబ్బలు తిన్నది గూడ వస్తదక్కా. బిడ్డ జూస్తది."

"నేనే ఫోన్ జేసి చెప్పిన. మా అమ్మ దొంగ అని జూసేదానికన్న గిది జూసుడే నయం."

ఒక్క సెకను కూడా తీసేయకుండా మొత్తం పెట్టాను. ఒక కాపీ మార్కెట్ ఆఫీసులో ఇచ్చాను. రెండు రోజులకు అక్కడివాళ్లు గుమాస్తాతో పాటు మా ఇద్దర్నీ పిలిపించారు. ఆ రోజు సంచి ఎవరిదని తన వ్యాపారి సేటు అడిగేసరికి భయపడి, తీసుకుపొమ్మన్నది తానేనని చెప్పలేకపోయాడట. "తప్పైందక్కా," అన్నాడు.

"కొట్టినప్పుడు అందరి ముంగట కొట్టినవ్. గీ రూముల చెప్తే ఎట్ల?" అని అడిగింది ఆమె.

అందరం యార్డులో పసుపు కుప్పలు పోసే షెడ్డుకు నడిచాం. హమాలీలు, రైతులు పని ఆపి చూస్తున్నారు. "తియ్యన్నా," అంది ఆమె నాతో. ఫోన్ ఎత్తాను. గుమాస్తా తల వంచుకుని మొత్తం చెప్పాడు. చెప్పడం అయ్యాక నా వైపు తిరిగి, "నాకు గూడ పిల్లలున్నరన్నా," అన్నాడు.

నేను ఆమెను చూశాను. ఆమె గుమాస్తా వైపు చూసింది. తర్వాత, "మాట పెట్టు. మొఖం ఒద్దు," అంది.

అలాగే చేశాను. ఇంత జరిగినా ఇప్పటికీ నా రెండు వీడియోల కన్నా ఆ పదకొండు సెకన్ల ముక్కనే ఎక్కువ మంది చూస్తున్నారు. ఆ ఛానెల్ అతనికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ తీసేస్తానన్నాడు, తీయలేదు. ఆమె మాత్రం అదే యార్డులో పనిచేస్తోంది. రాలిన కొమ్ములు తీసుకుపొమ్మని ఎవరైనా అంటే, ఆఫీసులో చెప్పి చీటీ రాయించుకున్నాకే సంచిలో వేసుకుంటోంది.