నేను చెప్పని మూడో కాలం

దీన్ని మోస్తూ బతకడం అలవాటైపోయిందని చాలాకాలం అనుకున్నాను. అలవాటు కాలేదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే గుర్తొస్తుంది. పూత మీదున్న పత్తి చేను పక్కనుంచి బస్సు వెళ్తే కిటికీ వైపు తల తిప్పలేను. నా భార్యకు చెప్పలేదు, నాతో పనిచేసినవాళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు చెప్పే ధైర్యం మాత్రం ఇప్పటికీ లేదు. పిరికివాణ్ణని మొదట్లోనే తెలిసిపోవడం మంచిదే.

నేను దొంగతనం చేయలేదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. తెలిసిన సంగతి ఒకటి చెప్పకుండా ఊరుకున్నాను. ఇలా చెప్తే ఎంత చిన్నగా ఉందో చూడండి. చిన్నగా కనిపించాలనే ఇన్నేళ్ళూ నాకు నేను ఇలా చెప్పుకుంటూ వచ్చాను.

ఎనభైల్లో నరసరావుపేటలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ ఉద్యోగమేమిటో మా అమ్మకు కూడా సరిగా అర్థమయ్యేది కాదు. జాతకాలు చెప్తావా అని అడిగేది. జాతకాలు కాదు. ఊళ్ళలో రైతు సంఘాలతో కూర్చుని, ముందు ముందు ఏ రకం కాలం రావొచ్చో వాళ్ళచేత ఊహింపజేసి, దేనికైనా సిద్ధంగా ఉండేలా చూడటం నా పని. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఒక్క రకం రేపటినే నమ్ముకుని కూర్చోకూడదని మాకు హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. మూడు కాలాలు చెప్పాలి. మొదటిది అన్నీ కలిసొచ్చే కాలం. రెండోది పడుతూ లేస్తూ ఎప్పటిలా సాగిపోయే కాలం. మూడోది నోటితో అనడానికే ఎవరూ ఇష్టపడని కాలం. ఒక్కోదాన్ని కథలా చెప్పి, ఇదే వస్తే ఏం చేస్తారని అడగాలి. వాళ్ళు వాదించుకుంటారు, తిట్టుకుంటారు, చివరికి మూడింటిలో ఏది వచ్చినా నిండా మునగకుండా ఉండే దారి ఒకటి వాళ్ళే వెతుక్కుంటారు. మంచి పని అది. ఇప్పటికీ మంచి పనే అంటాను. పాడుచేసింది నేను.

నకరికల్లు వైపు ఒక ఊరి సంఘం నాకు అప్పగించారు. వారంలో సగం రోజులు అక్కడే ఉండేవాణ్ణి. నా గది పక్క ఇల్లు మస్తాన్ బాబాయిది. వరస ఏమీ లేదు, పక్కింటివాడు కాబట్టి బాబాయ్. కొద్దిపాటి పొలం చేసుకుంటూ, ఊళ్ళో ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాడు. ఆయన భార్య జాన్‌బీ పిన్ని రెండు గేదెలను పిల్లల్లా చూసుకునేది. వాళ్ళకు పిల్లలు లేరు. నేను వెళ్ళిన పూటల్లా గడ్డపెరుగు గిన్నె నా గదికి వచ్చేది. వద్దంటే తిట్టేది. నిజంగా తిట్టేది, మొహమాటం లేకుండా.

మొదటి ఏడాది మూడో కాలంగా సాగర్ కాలవ నీళ్ళు రాని ఏడాదిని చెప్పాను. కొందరు భయపడి మిరప తగ్గించుకున్నారు. ఆ ఏడాది కాలవ నిండా నీళ్ళొచ్చాయి, వానలు కూడా వేళకు పడ్డాయి. తగ్గించుకున్నవాళ్ళు పళ్ళు నూరారు. ఊహించింది రాకపోవడం తప్పు కాదని, రాకపోతే సంతోషించాలని వాళ్ళకు చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. నాకు శకునపక్షి అని పేరు పెట్టారు. టీ కొట్టు దగ్గరికి వెళ్తే, “ఒరేయ్, పక్షొచ్చింది, మంచి మాటలేమన్నా ఉంటే ముందే మాట్టాడుకోండి” అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. గదికొచ్చి తలుపేసుకుంటే ఏడుపొచ్చేది. ఆ వయసులో నన్ను చూసి నలుగురు నవ్వడం కంటే పెద్ద కష్టం ఉంటుందని నాకు తెలియదు.

మరుసటి ఏడాదికి ఊరంతా పత్తి గాలి పట్టుకుంది. సంఘం అధ్యక్షుడు కోటయ్య గారు పెద్ద ఆలోచన చేశారు. సభ్యులందరూ తమకున్న పొలమంతా పత్తే వేయాలి, పంట మొత్తం చిలకలూరిపేటలో ఒక మిల్లుకు సంఘం పేరు మీద తోలాలి. పాత పంట ఇంకా చేలల్లో ఉండగానే ఆ మిల్లు చూసి రమ్మని నన్ను పంపారు. వెళ్ళాను. తిరుగు దారిలో బస్సు టైరు పంచరైంది. మార్చేదాకా ఊరికే ఉండలేక రోడ్డు పక్క పత్తి చేలోకి దిగాను. పైరు ఎదిగింది గానీ కళ లేదు. ఆకులు జిగురుగా, మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. ఒక ఆకు వెనక్కి తిప్పాను. పిండి చల్లినట్టు తెల్లదోమ లేచింది, నా కళ్ళలో, ముక్కులో. ఆ చేను రైతు మందు పంపు భుజానేసుకుని వచ్చాడు.

“ఏ మందు కొట్టినా కాసేపు లేస్తన్నయ్, మళ్ళీ వచ్చి కూకుంటన్నయ్. చావట్లా. ఇదేం మాయరోగమో తెలవట్లేదయ్యా” అన్నాడు.

చుట్టూ చూశాను. పక్క చేను, దాని పక్క చేను, అన్నీ అంతే. బస్సు మళ్ళీ కదిలేసరికి నా బుర్రలో మూడో కాలం తయారైపోయింది. మందు పనిచేయని ఏడాది. అదే వస్తే ఏం చేయాలో కూడా తోచింది. అందరూ అంతా పత్తి వేయకూడదు. ఒక పొలం ముక్కలో, చిన్న చెక్కలోనైనా, జొన్న ఉండాలి, గొడ్లకు చొప్ప ఉండాలి, కంది సాళ్ళు ఉండాలి. పత్తి పోయినా ఇల్లు నిలబడాలి. నా ఉద్యోగంలో నేను సరిగ్గా ఆలోచించిన రోజు ఏదైనా ఉందంటే అదే.

ఆ ఊళ్ళో విత్తనం మూట విప్పే రోజున చెడ్డమాట అనరు. పిల్లల్ని కూడా కసరరు. తథాస్తు దేవతలు పైన తిరుగుతుంటారని, ఏది అంటే దానికి తథాస్తు అనేస్తారని వాళ్ళ భయం. మన ఇళ్ళలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటామే, ఆ భయమే. సంఘం సమావేశం సరిగ్గా ఆ రోజే పెట్టారు. గోడౌన్లో మూటలు పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కోటయ్య గారు నా భుజం మీద చెయ్యేసి, “శుభమా అని మొదలెడతన్నాం. నాలుగు మంచి మాటలు చెప్పు నాయనా” అన్నారు.

మొదటి కాలం చెప్పాను. రెండో కాలం చెప్పాను. ఆగాను. అందరూ నా మొహమే చూస్తున్నారు. మూడోది నాలుక మీదే ఉంది. ఇంతే సంగతులన్నాను. చప్పట్లు కొట్టారు. పక్షికి పాట వచ్చిందిరా అని ఎవరో అంటే అందరూ నవ్వారు, ఆ నవ్వులో ఎగతాళి లేదు, నన్ను తమలో కలుపుకున్న నవ్వు అది. మొదటి పంక్తిలో కూర్చోబెట్టి పులిహోర పెట్టారు. తిన్నాను. ఎంత రుచిగా ఉందో చెప్తే నన్ను అసహ్యించుకుంటారు.

అక్కడితో ఆగినా ఏదో ఒక సాకు మిగిలేది. ఆ సాయంత్రం మస్తాన్ బాబాయ్ ఇంటి ముందు ఇంజిన్ విప్పుకుని కూర్చుని నన్ను పిలిచాడు.

“అబ్బాయా, పోయినేడు మూడు చెప్పావు. ఈ ఏడు రెండే చెప్పావేంది?”

“ఈసారికి రెండు చాలు బాబాయ్.”

“కాలవ కింద చెక్కలో జొన్నెయ్యకపోతే బర్రెలకి చొప్పుండదని మీ పిన్ని ఒకటే గొడవ. ఊరంతా పత్తేస్తంటే నేనొక్కణ్ణి జొన్నేంది అని నేను. ఒకేళ పురుక్కి మందు పనిచెయ్యకపోతే ఎట్టా? నువ్వు నాలుగూళ్ళు తిరిగేవాడివి. అట్టాంటిది ఎక్కడన్నా చూశావా?”

ఆయన తల ఎత్తి అడిగాడు. చేతిలో పానా, మోచేతుల దాకా నూనె. నన్ను ఇరికించాలని కాదు, తెలుసుకోవాలని అడిగాడు. చుట్టూ కొబ్బరికాయ లేదు, మూటలు లేవు, నవ్వేవాళ్ళు లేరు. చెప్పడానికి నాకు అడ్డమేముంది? పొద్దున్న దాచిన సంగతి సాయంత్రానికి బయటపడితే, తెలిసీ సభలో నోరు మూసుకున్నాడని ఊరు అంటుంది. అదే అడ్డం. నా పరువు.

“చూళ్ళేదు బాబాయ్. పత్తేసుకో. ఏం కాదు.”

“సరే పో. నువ్వన్నావంటే ఇంక నాకు దిగుల్లా” అని మళ్ళీ ఇంజిన్ మీదికి వంగాడు. లోపల్నుంచి పిన్ని ఏదో అంటే, “అబ్బాయి చెప్పాడే, ఊరుకో ఇంక” అన్నాడు.

పైరు ఏపుగానే ఎదిగింది. పూత కూడా వచ్చింది. తరవాత నేను ఆ రోడ్డు పక్క చూసిందే ఊరి చేలల్లోకి వచ్చింది. జిగురు, నలుపు, తెల్లదోమ. గూడ, అంటే విచ్చని మొగ్గ, రాలిపోయింది, నిలిచిన కాయ సరిగా పగల్లేదు. మందు మీద మందు కొట్టారు. ఊరంతా ఆ వాసనే, అన్నంలో ఆ వాసనే, పిన్ని ఇచ్చే పెరుగులో కూడా. నేనూ పంపు భుజానేసుకుని బాబాయ్ చేలో తిరిగాను. ఎందుకు తిరిగాను? సాయం చేద్దామనా, ఈసారైనా మందు పనిచేస్తే నా అబద్ధం నిజమైపోతుందనా? రెండోదే. ఆకు తిప్పి చూసిన ప్రతిసారీ దేవుణ్ణి వేడుకున్నాను. బాబాయ్ కోసం కాదు.

ఊళ్ళో ఒక్క చెక్కలోనూ జొన్న లేదు. చొప్ప కొందామన్నా లేదు. గేదెల డొక్కలు ఎండిపోయాయి. సంతకు తోలేసిన రోజు పిన్ని ఊరి చివరిదాకా వాటి వెంట నడిచింది. మా వైపు గొడ్డును అమ్మినా పలుపుతాడు ఇవ్వరు, అది ఇంట్లోనే ఉంచుకుంటారు. రెండు తాళ్ళూ చేతికి చుట్టుకుని ఆమె వెనక్కి వచ్చింది. నా గది ముందు నిలబడి, “రేపట్నించి పెరుగు పంపలేను నాయనా, ఏమనుకోబాక” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మందుల అప్పు కింద పొలం చేయి దాటింది. వాళ్ళిద్దరూ మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీ పనికి వెళ్ళిపోయారు. సంఘం చెదిరిపోయింది. ఏం జరిగిందని మా సంస్థవాళ్ళు అడిగితే, ఎవరూ ఊహించలేనిది జరిగిందన్నాను. పాపం అన్నట్టు తలలూపారు. తరవాత నన్నే శిక్షకుణ్ణి చేశారు. జిల్లా అంతా తిరిగి సంఘాలకు పాఠం చెప్పాను. ఎంత కష్టమైనా మూడో కాలాన్ని దాటేయొద్దని, దాటేసిన ఊరొకటి ఎలా నాశనమైందో చెప్పేవాణ్ణి. దాటేసిందెవరో చెప్పేవాణ్ణి కాదు. బాగా చెప్తానని పేరు వచ్చింది.

తథాస్తు దేవతల మీదికి, కోటయ్య గారి మీదికి నెట్టేద్దామని ఎన్నిసార్లు చూశానో. ఆ రోజున చెడ్డమాట ఎలా అంటాను, ఊరి ఆచారం కదా అని. ఇక్కడిదాకా మీకు కూడా అలాగే చెప్పుకొచ్చాను, గమనించారా? సమావేశం సరిగ్గా ఆ రోజే పెట్టారని రాశాను. పెట్టించింది నేను. కోటయ్య గారు ముందు వారం పెడదామన్నారు. మూటలు విప్పే రోజైతే అందరూ ఒకచోట ఉంటారని నేనే వాయిదా వేయించాను. ఆ రోజు మూడో కాలం ఎవరూ అడగరని నాకు తెలుసు. నోరు మూసుకోవడానికి మంచి ముహూర్తం పెట్టుకున్నాను.

నేను చెప్పి ఉంటే వాళ్ళు వినేవాళ్ళా? ఊరు వినకపోవచ్చు. మస్తాన్ బాబాయ్ వినేవాడు. కాలవ కింద చెక్కలో జొన్న వేసేవాడు. నాకు ఆ ఒక్క చెక్క చాలు, నిద్ర పట్టకపోవడానికి.

కొన్నేళ్ళకు క్వారీ కూలీల సంఘంతో మాట్లాడటానికి మాచర్ల వెళ్ళాల్సి వచ్చింది. స్టేషన్ బయట టీ తాగుతుంటే ఎవరో పిలిచారు. బాబాయ్. జుట్టంతా రాతిపొడి. రాయి పెచ్చు ఎగిరి తగిలి ఎడమ కన్ను పోయిందట. పక్కన ఆ ఊరి నుంచే క్వారీకి వచ్చిన వెంకటేశ్వర్లు ఉన్నాడు. నన్ను చూడగానే వాడికి మండిపోయింది.

“వీడే గదా మనల్ని ముంచింది. చానా తిరిగాడుగా, వీడికి ముందే తెలిసుంటది” అన్నాడు.

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“నోర్ముయ్‌రా. ఆ అబ్బాయి మా ఇంట్లో పెరుగన్నం తిన్నోడు. తెలిస్తే చెప్పకుండా ఉంటాడా? నేను ఎదురుగా కూకోబెట్టి అడిగాను, చూళ్ళేదన్నాడు.” అని నా వైపు తిరిగి, ఉన్న ఒక్క కంటితో నా మొహంలోకి చూసి, “చెప్పు అబ్బాయా వీడికి” అన్నాడు.

అవునని తల ఊపాను.

ఆయన పోయాడని తరవాత ఎప్పుడో విన్నాను. పిన్ని ఎక్కడుందో వాకబు చేయలేదు. దొరుకుతుందని భయం. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు, ఆమె చేతిలో ఉన్నా అడిగే మొహం నాకు లేదు. ఇది రాసేశాక కాస్త ఊపిరి ఆడుతోంది, ఆ పాటి ఊపిరికి కూడా సిగ్గేస్తోంది. ఆ రోజు టీ కొట్టు దగ్గర వెంకటేశ్వర్లు అన్నదే నిజం బాబాయ్. చూశాను. చేలోకి దిగి, ఆకు తిప్పి, నా కళ్ళతో చూశాను. నువ్వు అడిగే నాటికి నాకు తెలుసు.